ఫారం బయట పడ్డ బస్తాలు

పబ్బిశెట్టి మాలకొండయ్య లెక్కలో సరుకు రెండే రకాలు. ఆగేది, ఆగనిది. ఇనుము ఆగుతుంది, ఉప్పు ఆగుతుంది, కోర్టులో దావా ఆగుతుంది. నిమ్మకాయ ఆగదు. కొమ్మ దిగిన క్షణం నుంచి దానికి పచ్చదనం మీద విరక్తి పుడుతుంది. పచ్చగా ఉండగానే ఢిల్లీ చేరితే దాన్ని నిమ్మకాయ అంటారు. దారిలో పసుపెక్కితే ఊరగాయ సరుకంటారు. ఇంకా ఆలస్యమైతే దానికి పేరు పెట్టే బాధ్యత మునిసిపాలిటీది. ముంగిళ్లపాళెం నిమ్మ మార్కెట్ యార్డులో తండ్రి పెట్టిన కొట్టును నడుపుకొస్తున్న మాలకొండయ్య, ఆ మొదటి పేరు పోకుండా చూసుకోవడమే వ్యాపారం అనుకున్నాడు. కాయ కొనేటప్పుడే లారీని పిలిచేవాడు. లారీకి ఎత్తేటప్పుడే ఢిల్లీకి ఫోన్ చేసేవాడు. అతని లెక్కల్లో ఎదురుచూపు అనే పద్దు ఎప్పుడూ లేదు.

ఆ పద్దు ప్రభుత్వం తెరిచింది.

పూర్వం యార్డు గేటు దగ్గర కాపలాదారు చెంగయ్య లారీ చుట్టూ ఒకసారి తిరిగి, బస్తాలు ఎన్నో కంటితోనే పోల్చుకుని, పుస్తకంలోంచి ఒక చీటీ చింపి ఇచ్చేవాడు. ఆ చీటీయే గేట్ పాస్. అధికారులు తనిఖీకి వచ్చిపోయేటప్పుడు వాళ్ల కారు డిక్కీలో ఒక బస్తా మంచి కాయలు పడటం కూడా యార్డు ఆచారమే గనుక, వాటికి మాత్రం చీటీ అడిగేవాడు కాదు. వ్యవస్థ సాఫీగా సాగుతుండేది. అయితే సాఫీగా సాగేదాన్ని చూస్తే ప్రభుత్వానికి అనుమానం. చీటీ పుస్తకాలకు దండ వేసి, ఫొటో తీసి, బీరువాలో పెట్టి సీలు వేశారు. వాటి స్థానంలో కంప్యూటర్ వచ్చింది. తెర మీద ఒక ఫారం. వ్యాపారి పేరు, లైసెన్సు నంబరు, లారీ నంబరు, చేరే ఊరు, బస్తాల సంఖ్య, ఇన్ని గళ్లు. అన్నీ నింపి ‘సమర్పించు’ అనే బటన్ నొక్కితే పక్కనున్న ప్రింటర్ పాస్ ఇస్తుంది. నిజం చెప్పుకోవాలంటే మొదట్లో అది కూడా బాగానే ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం మాలకొండయ్య లారీ నిండింది. డ్రైవరు మస్తాన్ పట్ట కప్పి తాళ్లు బిగించాడు. మాలకొండయ్య కంప్యూటర్ ముందు కూర్చుని గళ్లన్నీ నింపి బటన్ నొక్కాడు. ప్రింటర్ కాగితం కక్కింది.

‘పై వాహనమునందు శూన్యము బస్తాలు గలవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’

వేలు జారిందేమో అనుకుని మళ్లీ నింపాడు. మళ్లీ శూన్యము. కళ్లజోడు తుడుచుకుని నింపాడు. కళ్లజోడుకు, శూన్యానికి సంబంధం లేదని తేలింది. ఆ కాగితమే పట్టుకుని గేటు దగ్గరికి పోయాడు.

చెంగయ్య దాన్ని దూరంగా పెట్టి చదివాడు. “అన్నా, ఖాళీ లారీ పోవచ్చునని ఉండాది దీంట్లో.”

“నీకు కండ్లు కనపడ్డంలా? పట్ట కింద ఉండేవేంది, దిండ్లా?”

“నిమ్మకాయలే. వాసన గూడా వస్తుండాది. అయితే నా ముక్కుకి పవర్ తీసేసినారన్నా. ఇప్పుడు పవరంతా ఈ కాగితానిదే.” చెంగయ్య కాగితాన్ని మర్యాదగా మడిచి తిరిగి ఇచ్చాడు. “ఖాళీ జేసుకోని రా. సెల్యూట్ కొట్టి పంపిస్తా.”

మస్తాన్ క్యాబిన్‌లోంచి తల బయటపెట్టాడు. “ఏంది శెట్టీ, పోదామా వద్దా? పట్ట కింద కాయ ఉడుకెక్కతాది.”

“పట్ట తీసి గాలి తగల్నీ మస్తానూ. నేను జిల్లా ఆఫీసుకు పోయొస్తా,” అన్నాడు మాలకొండయ్య. మిగతా వ్యాపారులు అతని లారీని చూసి తమ లోడింగు ఆపుకున్నారు. ఒకడి నష్టంతో పదిమంది జాగ్రత్తపడటం యార్డులో కొత్త కాదు గానీ, ఆ ఒకడు తనే కావడం మాలకొండయ్యకు కొత్త.

జిల్లా కేంద్రంలో ఈ ఫారాల వ్యవహారం చూసే కార్యాలయం పేరు కోడ్ పఠనీయతా విభాగం. దాని పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. శాఖలో ఒక పెద్ద అధికారి ఎక్కడో శిక్షణకు వెళ్లారు. అక్కడ ఎవరో, కంప్యూటర్‌కు రాసే కోడ్ మనుషులు కూడా చదువుకునేటట్టు ఉండాలన్నారు. మంచి మాటే. మిగిలిన శిక్షణంతా వారు నిద్రలో గడిపారు గనుక ఆ ఒక్క వాక్యమే వెంట తెచ్చుకున్నారు. వచ్చిన వెంటనే సర్క్యులర్ వెలువడింది: ‘ఇకమీదట శాఖలోని సమస్త కోడూ సుబోధకముగను, సభామర్యాద గలిగియు, నిర్దిష్ట క్రమములోను ఉండవలెను.’ కోడ్ పనిచేయాలని సర్క్యులర్లో ఎక్కడా లేదు. అది చెప్పాల్సిన అవసరం వస్తుందని ఎవరికీ తోచి ఉండదు.

విభాగంలో ప్రోగ్రాం రాసేది ఒక్కతే, కాంట్రాక్టు ఉద్యోగిని హిమజ. తక్కినవాళ్లంతా చదివేవాళ్లు. హిమజ మూలనున్న బల్ల దగ్గర కూర్చుని, మాలకొండయ్య చెప్పింది మొత్తం విని నిట్టూర్చింది.

“అంకుల్, వేరియబుల్ అంటే ఒక డబ్బా అనుకోండి. మీ కొట్టులో డబ్బాల మీద పేర్లు రాసుకుంటారు కదా, అలాగే. ఇదివరకు బస్తాల డబ్బాకి నేను పెట్టిన పేరు ‘బి’. ఒక్క అక్షరం.”

“ఇప్పుడేం పేరు?”

ఆమె తెరను అతనివైపు తిప్పింది. ‘రైతుసోదరులు_శ్రమకోర్చి_పండించి_యార్డునకు_తెచ్చిన_నిమ్మఫలముల_బస్తాల_సంఖ్య’ అని, తెర ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరుచుకుని ఉంది.

“పేరు బ్రహ్మాండంగా ఉండాది. డబ్బాలో ఏముండాదమ్మణ్ణీ?”

“అదే చూద్దాం.” ఆమె రెండు లైన్లు టకటకా కొట్టింది. “ఫారం నుంచి ఏ డబ్బాలోకి ఏం వచ్చిందో ఉన్నదున్నట్టు చూపించమన్నాను. బుద్ధిగా కనిపించే లైన్లు కావు ఇవి. సార్ చూస్తే చంపేస్తారు.”

తెర మీద ఒకటొకటే పడ్డాయి. వ్యాపారి పేరు వచ్చింది. లైసెన్సు వచ్చింది. లారీ నంబరు వచ్చింది. ఊరు వచ్చింది. బస్తాల దగ్గర మాత్రం ఏమీ లేదు.

“చూశారా? అసలు బయల్దేరనే లేదు. ఏమీ రాకపోతే ప్రోగ్రాం దాన్ని సున్నా అనుకుంటుంది.”

“అదెట్టా? రాకపోవడం వేరు, సున్నా వేరు గదా. నేను కొట్టు తెరవకపోతే ఆ రోజు బేరం లేదంటాం. తెరిచినా ఎవురూ రాకపోతే సున్నా బేరం అంటాం. రెండూ ఒకటే అని రాసేవాణ్ణి మా నాయన గుమస్తాగా పెట్టుకునేవాడు గాదు.”

హిమజ ముఖం కొంచెం కందింది. “అది నా తప్పే అంకుల్. కానీ అసలు తప్పు ఇక్కడుంది.” తెరను కిందికి జరిపింది. “ఫారం అంటే గోతం అనుకోండి. ఇక్కడ మూతి తెరిచాం, ఇక్కడ కుట్టేశాం. బటన్ నొక్కితే ఈ మధ్యలో ఉన్నవే వెళ్తాయి. మీ బస్తాల గడి కుట్టుకి కింద పడింది. చూసేవాళ్లకి అన్ని గళ్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. వెళ్లేటప్పుడు మాత్రం అది బయటే ఉండిపోతుంది.”

మాలకొండయ్యకు ఇంతకంటే చెప్పనక్కర్లేకపోయింది. మూట బయట మిగిలిన కాయల గురించి అతనికి తెలియనిది లేదు. “ఎత్తి లోపలెయ్. ఎంతసేపు పడతాది?”

“దగ్గినంతసేపు.”

“అయితే దగ్గమ్మా.”

హిమజ దగ్గలేదు. అద్దాల గదివైపు చూసింది. “సార్‌ని అడగాలి. ఆ గడి అక్కడ పొరపాటున పడలేదు. అక్కడ కూర్చోబెట్టారు.”

అద్దాల గదిలో ఉన్నది విభాగపు సంయుక్త సంచాలకులు త్రివిక్రమరావు. ఆయన వెనక గోడ మీద, దేవుడి పటం ఉండవలసిన చోట, ఫ్రేము కట్టిన కోడ్ ఒక పేజీ వేలాడుతోంది. మాలకొండయ్య విషయం విన్నవించుకునేదాకా ఆయన కళ్లు మూసుకుని, తర్వాత తెరిచారు.

“పబ్బిశెట్టి వారూ, తమరి ఆవేదన విభాగము దృష్టికి వచ్చినది. అయితే క్రమము అనునది ఒకటున్నది. కోడ్‌లోని పంక్తులన్నిటికీ సేవాజ్యేష్ఠత జాబితా తయారుచేసి, ఆ ప్రకారమే వాటిని అమర్చినాము. వ్యాపారి పేరు గడి ప్రారంభము నుంచి సేవలో నున్నది. లారీ నంబరు తదుపరి చేరినది. ఫారము ముగింపు పంక్తి కూడ తొలినాటిదే. తమరి బస్తాల గడి ఆడిట్ వారి అభ్యంతరము మీదట ఆఖరున చేరినది. కనుక ఆఖరున ఉన్నది.”

“ముగింపు తర్వాత ఉండాది సార్.”

“ఆఖరు అనగా అదే కదా.”

“దాన్ని ఎత్తి ఒక్క మెట్టు పైన పెట్టండి. లారీ కదిలిపోతాది.”

త్రివిక్రమరావు నొచ్చుకున్నారు. “నిన్నగాక మొన్న చేరిన గడిని సీనియర్ పంక్తికి పైన కూర్చుండబెట్టమందురా?”

“సార్, అవి రాతలు. వాటికి మనసు కష్టపడతాదా?”

“పంక్తులకు పడదనే అనుకుందము. రేపు గుమస్తాలు వచ్చి, పంక్తుల విషయములో సీనియారిటీ పాటించని విభాగము మా విషయములో ఏల పాటించవలెనని అడిగిన, నేనేమి సమాధానము చెప్పుదును?”

మాలకొండయ్య ఎన్నో బేరాలు చూసినవాడు. ఎదుటివాడి వాదనలో బొక్క లేనప్పుడు దాని పక్కగా పోవాలని తెలుసు. “సరే సార్. ఆ గడికి ప్రమోషన్ ఇవ్వండి.”

“ఇది యోగ్యమైన మాట.” త్రివిక్రమరావు బల్లసొరుగు లాగి ఒక ఫైలు తీశారు. “పదోన్నతికి పనితీరు నివేదిక అవసరము. ఇదిగో. ఈ క్రమము అమలులోనికి వచ్చిన నాటి నుంచి తమరి గడి కనబరచిన ఫలితము శూన్యము. శూన్యము చూపిన గడిని పై స్థానమునకు ఎట్లు సిఫారసు చేయుదును?”

“బయట పెట్టినారు గాబట్టి సున్నా చూపిస్తుండాది సార్!”

“శూన్యము చూపుచున్నది గనుక బయట ఉన్నదనియు అనవచ్చును.”

“పోనీ దాన్ని కదిలించొద్దు. ఆ ముగింపును కిందికి దించండి.”

“సీనియరును జూనియరు కిందకు దించుట శిక్ష. శిక్షకు ముందు విచారణ. విచారణకు ముందు అభియోగము. ఆ ముగింపు పంక్తి చేసిన నేరమేమి? అది ఏనాడైనా ముగియకుండ ఉన్నదా?”

మాలకొండయ్య లేవబోయాడు. త్రివిక్రమరావు స్వరం మెత్తబడింది. “కూర్చుండుడు. తమరు దైవికముగా వచ్చినారు. రాష్ట్రస్థాయి సుబోధ పురస్కారమునకు మన కోడ్‌ను పంపుచున్నాము. దరఖాస్తులో ఒక్క లోటే మిగిలినది. కోడ్ చదివి తనకు అర్థమైనదని ఒక సామాన్య పౌరుడు సంతకము చేయవలెను. మా అటెండర్లను కోరినాము. వారు సెలవు పెట్టినారు.”

అంతవరకూ అడిగేవాడుగా ఉన్న మాలకొండయ్య చేతిలోకి మొదటిసారి అమ్మడానికి ఒక సరుకు వచ్చింది. గొంతు సవరించుకున్నాడు. “సంతకానిదేముంది సార్, నిలబడిన పళంగా పెడతా. గడిని లోపలెయ్యండి, పెన్ను ఇట్టా ఇయ్యండి.”

“షరతులతో కూడిన అవగాహన చెల్లదు,” అన్నారు త్రివిక్రమరావు. “రేపటి సమావేశమునకు రండి. తమరి అంశమును కూడ చేర్చెదము.”

చీకటి పడేలోగా యార్డుకు తిరిగొచ్చాడు. కాయ ఇంకా పచ్చగానే ఉంది గానీ, తొడిమల దగ్గర మెరుపు తగ్గింది. మాలకొండయ్య కంప్యూటర్ ముందు కూర్చుని తెర వైపు, పోటీ వ్యాపారి కొట్టువైపు చూసినట్టు చూశాడు. బస్తాల గడి కదా పనిచేయనిది. ఊరి గడి పనిచేస్తుంది. ఊరి గడిలో ‘ఢిల్లీ, నిండు లోడు నిమ్మ బస్తాలతో’ అని కొట్టి బటన్ నొక్కాడు. ప్రింటర్ ఎదురుచెప్పకుండా ప్రింటు చేసింది.

చెంగయ్య చదివాడు. “చేరవలసిన ఊరు ఢిల్లీ నిండు లోడు నిమ్మ బస్తాలతో. ఈ ఊరు యాడుండాదన్నా?”

“ఢిల్లీ పక్కనే.”

“బస్తాలు శూన్యం. సరే, ఊరి పేర్లోనే బస్తాలుంటే నాకేం అభ్యంతరం?” చెంగయ్య గేటు కమ్మీని పైకి లేపసాగాడు. మస్తాన్ ఇంజను పెంచాడు. లారీ ముందు చక్రాలు గీత దాటబోతుండగా గేటు గదిలో ఫోను మోగింది. చెంగయ్య ఒక చేత్తో కమ్మీ పట్టుకునే ఫోను ఎత్తి, విని, కమ్మీని నెమ్మదిగా దించాడు.

“పాస్ రద్దంట అన్నా. ఒక గడిలోకి ఇంకో గడి అర్థం జొరబడగూడదంట. కోడ్ చదివేవాళ్లకి గందరగోళంగా ఉంటాదంట.”

“వాళ్లకెట్టా తెలిసింది ఇంత బిరీన?”

“ఎవురో ఆచార్యులుగారంట. ఊళ్ల పేర్లు రోజూ రాగయుక్తంగా చదువుకుంటారంట. ఇది రాగానికి కుదరలేదంట.”

ఆ విభాగం ఒక తప్పును పుట్టిన వెంటనే పట్టుకోవడం చరిత్రలో అదే మొదటిసారి. తరువాత వార్షిక నివేదికలో దీన్ని సవివరంగా రాసుకున్నారు.

ఆ ఆచార్యులు మరుసటి రోజు సమావేశంలో కనిపించారు. పేరు భుజంగశయనం. విభాగానికి పఠన సలహాదారు. కోడ్‌లో ఏ మార్పు జరిగినా దాన్ని ఆయన సభలో చదివి వినిపించనిదే అమలులోకి రాదు. అర్థమయ్యే కోడ్ అంటే చెవికి ఇంపైన కోడ్ అని ఆయన సిద్ధాంతం. ఆ రోజు కూడా ముందుగా లారీ నంబరు భాగాన్ని చదివారు. శ్రోతల్లో ఒకరిద్దరు తలలూపారు. మాలకొండయ్యను ‘సామాన్య పాఠకుడు’ అని రాసిన అట్టముక్క ముందు కూర్చోబెట్టారు.

“తదుపరి అంశము, బస్తాల గడి,” అన్నారు త్రివిక్రమరావు. మాలకొండయ్య కుర్చీ అంచుకు జరిగాడు. “దానికి ముందు, గత సమావేశము నుంచి మిగిలిన అంశమొకటి. బ్రాకెట్టు ఎక్కడ ఉండవలెను?”

భుజంగశయనం అందుకున్నారు. “బ్రాకెట్టు గృహమునకు ద్వారము వంటిది. ద్వారము తన పంక్తిలో తాను, హుందాగా, ఒంటరిగా నిలువవలెను.”

మాలకొండయ్య హిమజవైపు చూశాడు. ఈ సభలో బుద్ధి ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఇప్పుడు లేచి, బ్రాకెట్ సంగతి తర్వాత చూద్దాం, కాయలు కుళ్లుతున్నాయి అంటుందని ఆశపడ్డాడు. ఆమె నిజంగానే లేచింది.

“ఒప్పుకోను సార్. బ్రాకెట్ లైన్ చివరే ఉండాలి. కిందకి దించితే ఒక్కో బ్రాకెట్‌కి ఒక్కో లైన్ వృథా. ప్రపంచంలో తెలివున్న వాళ్లెవరూ అలా రాయరు.”

“అమ్మాయీ, ఇరుకు గదిలో అర్థము ఊపిరాడక చచ్చును.”

“అంత ఖాళీలో అర్థం తప్పిపోతుంది సార్! పైగా మీరు లైన్ మొదట్లో నాలుగు ఖాళీలు వదలమంటున్నారు. రెండు చాలు.”

“రెండా! అది మార్జినా, పేదరికమా?”

హిమజ కళ్లలో మెరుపు చూశాక మాలకొండయ్యకు విషయం తెలిసిపోయింది. పంచాయతీ పెద్దకు కూడా ఆ పొలంలో వాటా ఉంది. వాదన భోజనాలకు ఆగి, భోజనాల తర్వాత పెరిగింది. మధ్యలో అతని జేబులో ఫోను వణికింది.

“శెట్టీ, పైవరస పసుపుకొట్టింది,” అన్నాడు మస్తాన్. “కిందివరస వాసన మారింది. ఏం జేస్తుండారు వాళ్లు?”

“తలుపు గడప మీదుండాలా, గడప దిగినాక ఉండాలా అని మాట్లాడుతుండారు.”

“ఏ తలుపు?”

“కోడ్‌కి తలుపు.”

“నువ్వు బాగానే ఉండావా శెట్టీ?” అన్నాడు మస్తాన్.

సాయంత్రానికి బ్రాకెట్ అంశాన్ని ఉపసంఘానికి అప్పగించారు. బస్తాల గడిని సమయాభావం వల్ల వాయిదా వేశారు. వరండాలో హిమజ అతని వెనకే పరుగెత్తుకొచ్చింది.

“సారీ అంకుల్. బ్రాకెట్ దగ్గర నేను ఊరుకోలేను.”

“నువ్వు గూడానా అమ్మణ్ణీ,” అన్నాడు మాలకొండయ్య. కోపం కూడా రాలేదు. “ఒక మాట అడుగుతా చెప్పు. నువ్వు ముందర ‘బి’ అని రాసిన రోజుల్లో, అది ఎవురికన్నా అర్థమయ్యేదా?”

“లేదు. వారం తర్వాత చూస్తే నాకు కూడా అర్థమయ్యేది కాదు.” ఆమె తల వంచుకుంది. “కానీ లారీలు వెళ్లేవి.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు అందరికీ అర్థమవుతుంది. లారీ ఎందుకు కదలదో ఎవరైనా చదువుకోవచ్చు.” ఆమె గొంతు తగ్గించింది. “గడిని లోపల పెట్టిన కాపీ ఒకటి సిద్ధం చేసి ఉంచాను. ఒక్క మీట నొక్కితే చాలు. కానీ ఆచార్యులుగారు చదవనిదే అమలు చేయకూడదు. ఆయనకు ఇవాళ వాదించి వాదించి గొంతు పోయింది. మళ్లీ వచ్చేదాకా ఏ మార్పూ లేదు.”

ఆయన గొంతు వచ్చేలోగా నిమ్మకాయల ప్రాణం పోయింది. మస్తాన్ పట్ట విప్పేసరికి పైవరస బూజు కట్టి, కిందివరస నీరై, మధ్యవరస ఏ వరసలో చేరాలో తేల్చుకోలేక ఉంది. హమాలీలు ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుని యార్డు వెనక గుంటలో దింపారు. మాలకొండయ్య గుంట గట్టున నిలబడి, చివరి బస్తా పడేదాకా చూశాడు. ఢిల్లీకి తనే ఫోన్ చేసి, మాట తప్పానని చెప్పుకున్నాడు. వ్యాపారంలో దిగాక ఆ మాట అనడం అదే మొదలు. గుంటలో పడ్డ దానికంటే అది బరువుగా అనిపించింది.

మస్తాన్ కడిగిన లారీని గేటు దగ్గరికి తెచ్చి, ఆ మొదటిరోజు పాస్ తీసి చూపించాడు. చెంగయ్య చదివాడు. లారీ చుట్టూ తిరిగి వచ్చాడు. “శూన్యము బస్తాలు. కరెక్టుగా ఉండాది,” అన్నాడు. మాట ఇచ్చినవాడు గనుక సెల్యూట్ కొట్టాడు. మస్తాన్ ఆ సెల్యూట్‌కు తిరిగి ఏం చేశాడో ఇక్కడ రాయడం బాగుండదు.

పాసులో ఉన్నదీ, లారీలో ఉన్నదీ ఒకటేనని చెంగయ్య కంప్యూటర్‌లో ఎక్కించగా తెలుసుకున్న విభాగం, ‘ఫిర్యాదు పరిష్కరింపబడినది’ అని నమోదు చేసుకుంది. ఆ సంతోషంతో త్రివిక్రమరావు, మెడకు మఫ్లర్ చుట్టుకున్న భుజంగశయనాన్ని వెంటబెట్టుకుని, కారులో స్వయంగా యార్డుకు వచ్చారు.

“సమస్య తీరినది గదా, పబ్బిశెట్టి వారూ. ఇక ఆ సంతకము...”

“పెడతాను సార్. ముందు చల్లగా ఏమన్నా తాగండి. యార్డుకు వచ్చినోళ్లు ఉత్త చేతుల్తో పోగూడదు, అది మా ఆచారం.” మాలకొండయ్య పక్క కొట్టులోంచి ఆ ఉదయమే దిగిన పచ్చికాయ ఒక బస్తా తెప్పించి, దగ్గరుండి కారు డిక్కీలో పెట్టించాడు. త్రివిక్రమరావు వద్దన్నారు. అధికారులు వద్దనే తీరు ఒకటుంది. డిక్కీ మూసేదాకా అంటారు.

వాళ్లు మజ్జిగ తాగుతుండగా మాలకొండయ్య గేటు దగ్గరికి పోయి చెంగయ్యతో రెండు మాటలు మాట్లాడాడు. కారు గేటు దగ్గరికి వచ్చేసరికి కమ్మీ దించి ఉంది.

“పాస్ సార్,” అన్నాడు చెంగయ్య.

“ఎవరితో మాట్లాడుచున్నావు?” అన్నారు త్రివిక్రమరావు.

“డిక్కీలో బస్తా ఉండాది సార్. ఇప్పుడు పవరంతా కాగితానిది గదా. వాసన జూసి పంపించడానికి నాకు లేదు.”

డ్రైవరు పోయి ఫారం నింపి పాస్ తెచ్చాడు. చెంగయ్య అక్షరం అక్షరం చదివాడు. “శూన్యము బస్తాలు. డిక్కీలో చూస్తే ఒకటి. తేడా వస్తుండాది సార్. బస్తా దించి పోతే సెల్యూట్ కొడతా.”

అప్పటికే లారీల వెనక నుంచి వ్యాపారులు, హమాలీలు చేరారు. బస్తా దించితే అందరి ముందూ డిక్కీ తెరవాలి. దించకపోతే కమ్మీ లేవదు. త్రివిక్రమరావు చుట్టూ చూశారు. ఫోన్ తీశారు.

“హిమజా! ఆ గడిని... అవును, అదే. లోపల వేయుము. ప్రమోషన్? అత్యవసర అధికారముల మేరకు ఇచ్చితిని. పఠనమా? ఆచార్యులవారు నా పక్కనే ఉన్నారు. మౌనముగా చదివినారు. మౌనపఠనము చెల్లును.” భుజంగశయనం మఫ్లర్‌లోంచి తల ఆడించారు.

ఫోన్ స్పీకర్‌లోంచి చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు ఒక దగ్గు వినిపించింది.

“అయిపోయింది సార్,” అంది హిమజ.

డ్రైవరు మళ్లీ నింపాడు. ‘ఒకటి బస్తా గలదని ధ్రువీకరించడమైనది.’ చెంగయ్య చదివి, కమ్మీ లేపాడు. ఆ వెనకే, ఆ ఉదయం కాయ ఎత్తుకుని కాచుకున్న మిగతా వ్యాపారుల లారీలకు ఇంజన్లు మొదలయ్యాయి. మాలకొండయ్య నిలబడి చూస్తూ లెక్క వేసుకున్నాడు. ఒక నిండు లారీ కదిలించలేని గడిని ఒక్క బస్తా కదిలించింది. తను సరుకును తప్పు బండికి ఎక్కించాడు, అంతే తేడా.

కారు గేటు దాటి ఆగింది. అద్దం దిగింది. ఎంత పరాభవంలోనైనా పురస్కారం మరిచిపోయే మనిషి కాదు త్రివిక్రమరావు. దరఖాస్తు బయటికి చాచారు. అందులో, పైన ఆయన పేరు, కింద ఆచార్యులవారి పేరు, ఆ కింద నల్ల గీతలతో ఒక ఖాళీ గడి. ‘చదివితిని, అర్థమైనది.’

మాలకొండయ్య చేతులు తుడుచుకుని, పెన్ను తీసుకుని, గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

త్రివిక్రమరావు చూసుకుని ఉలిక్కిపడ్డారు. “ఇదేమి? గడి కింద పెట్టినారు! గీతకు బయట!”

“పైన సీనియర్లుండారు గదా సార్. ఆ ముగింపు గీత గూడా నాకంటే ముందొచ్చింది. మొన్న చేరినోణ్ణి, దానికి పైన ఎట్టా కూర్చుంటా?”

“గడి వెలుపలి సంతకము లెక్కలోనికి రాదు!”

“ఎంతగా రాసుకుంటారు సార్?”

త్రివిక్రమరావు దరఖాస్తును మడిచారు. సమాధానం ఆయనకు తెలుసు, అదే ఆయన కష్టం. వెనక నిమ్మకాయల లారీలు హారన్లు కొడుతున్నాయి. పచ్చి సరుకు, ఆగేది కాదు. చెంగయ్య కారు పక్కకు వచ్చి, దారి ఇవ్వమని చేత్తో సైగ చేశాడు.